ముప్పై బొట్ల పీరయ్య

బొట్టు పెట్టందే ఏ మిషన్‌నూ ఎవరినీ ముట్టనివ్వకపోవడం పీరయ్యన్నకున్న ఒకే ఒక్క జబ్బు. కానీ ఆ ఒక్కటే పదిమందికి పంచినా ఇంకా మిగులుతుంది. కంప్యూటర్, ప్రింటర్, జిరాక్స్ మిషన్ అంటే సరే. ఆఫీసుకు కొత్త స్టాప్లర్ వచ్చినా, నీళ్ళ ఫిల్టర్ వచ్చినా జేబులోంచి కుంకుమ పొట్లం బయటికొచ్చేది. ఒకసారి గోడగడియారానికి కొత్త సెల్లు వేస్తూ ఆ సెల్లుకు కూడా పెట్టాడు.

"సెల్లుకెందుకన్నా?" అని అడిగాను.

"లోపల చీకట్ల కూసోని పనిచేస్తది పాపం. దానికెవరు పెడ్తరమ్మా?"

నా పేరు స్వరూప. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో, పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చువేసే శ్రీపతి గారి ఆఫీసులో తప్పులు దిద్దే పని నాది. ఉండేది అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో. పగలంతా పుస్తకాలు దిద్దడం, సాయంత్రం అవే పుస్తకాలు చదవడం, నోటిఫికేషన్ పడితే పరీక్ష రాయడం. అప్పటికి నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లు ఫలితాలు చూసుకున్న మనిషికి భయం ఎక్కడికీ పోదు, కడుపులోనే కాపురం పెడుతుంది. ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. అందుకే ఏ భయమూ లేకుండా సెల్లుకు బొట్టు పెట్టే మనిషంటే నాకు నవ్వూ వచ్చేది, కొంచెం అసూయా కలిగేది.

పీరయ్యన్న పూర్వం నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లకు మిషన్లు బాగుచేసేవాడు. టైపు మిషన్లు పాత ఇనుము బండ్ల మీదికెక్కాక, కంప్యూటర్ల పని తనంతట తనే నేర్చుకున్నాడు. 2009లో కరెంటు కోతలకు విసిగిపోయిన శ్రీపతి గారు, పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ఆరు ల్యాప్‌టాప్‌లు కొనిపించింది ఆయనతోనే. నల్లగా, ఇటుకంత మందంగా ఉండేవి. మోసుకొచ్చిన ఆటో అతను లోపల ఏముందని అడిగాడట. పీరయ్యన్నకు మాత్రం వాటిని చూస్తే కడుపు నిండేది.

"చూడు స్వరూపా, మీట మధ్యల జర గుంట ఉన్నది. వేలు పోయి మంచిగ కూసుంటది. పై వరుసల నాలుగు నాలుగు మీటలకు నడుమ సందున్నది. చూడకుంటనే తెలుస్తది ఏది ఏడున్నదో. టీ పడ్డా కింద తూట్లకెళ్ళి కారిపోతది. ఇది చేసినోడు ఎప్పుడన్న టైపు కొట్టి ఉంటడు."

టీ సంగతి నిజమే. మా సీనియర్ టైపిస్టు జయశ్రీ గారు ఏడాదికి రెండుసార్లైనా తన మిషన్‌కు టీ తాగించేవారు. అందుకని పీరయ్యన్న ఇంకో చట్టం తెచ్చాడు. టీ గ్లాసు పక్కన పెట్టకూడదు, ఎవరైనా సరే, కళ్ళకు ఎదురుగా ఉండేలా పెట్టాలి. పక్కన పెడితే వచ్చి జరిపి మరీ పోయేవాడు. స్టూళ్ళు దారిలో వదలకూడదన్నది మరో చట్టం. మేం ఆయన కనబడగానే గ్లాసులు, స్టూళ్ళు సర్దుకునేవాళ్ళం, బళ్ళోకి ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు.

2012 వేసవిలో శ్రీపతి గారి అబ్బాయి హర్ష ఎంబీయే ముగించుకొని ఆఫీసుకొచ్చాడు. మంచివాడే, కానీ దేన్ని చూసినా 'లుక్' అనేవాడు. పుస్తకం అట్టకు లుక్ లేదు, బోర్డుకు లుక్ లేదు, నల్ల ఇటుకలకు అసలే లేదు. నెల తిరక్కుండా ఆరు కొత్త ల్యాప్‌టాప్‌లు దిగాయి. వెండి రంగు, అట్టముక్కంత పలుచన. మీటలు చదునుగా, ఒకదానికొకటి ఎడంగా, చాక్లెట్ ముక్కలు పేర్చినట్టున్నాయి. గుంటలు లేవు. ఎఫ్, జె మీది గీతలు కూడా వేలికి తగలనంత సన్నం. పై వరసలో సందులు లేవు. డిలీట్ మీట ఓ మూలకు పోయింది, దాన్ని ఆనుకునే మిషన్ ఆపేసే మీట.

పీరయ్యన్న మూతల మీద కుంకుమ పెట్టాడు కానీ, ముఖం కందగడ్డలా ఉంది.

"గిదేంది హర్ష బాబు? అన్ని మీటలు ఒక్క తీరుగనే ఉన్నయి. ముక్కు లేదు, మొకం లేదు."

"ఇప్పుడు అన్ని కంపెనీలవి గిట్లనే వస్తున్నయి అంకుల్. ట్రెండ్. స్లిమ్ ఉండాలె, క్లీన్ ఉండాలె."

"గీసినోడు మంచిగనే గీసిండు బాబు. కొట్టి చూడలే."

మొదటి వారం మా ఆఫీసు సంతలా తయారైంది. మా టైపు వాళ్ళు తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారాలంటే పై వరసలో ఒక మీట నొక్కాలి. కొత్త మిషన్‌లో అది నొక్కితే ఒకసారి తెర చీకటయ్యేది, ఒకసారి సౌండ్ పెరిగేది. పీరయ్యన్న లోపల ఏవో మార్చి దాన్ని దారికి తెచ్చాడు. నాలుగు రోజులకు మిగతా అయిదుగురూ కిందికి చూసుకుంటూ, తడుముకుంటూ అలవాటుపడ్డారు. జయశ్రీ గారు మాత్రం రోజురోజుకూ వెనకబడ్డారు.

ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్న మనిషి ఆమె. కాగితం కళ్ళకు ఎదురుగా నిలబెట్టుకొని, చూపు తిప్పకుండా కొట్టుకుపోయేవారు. పేజీకి మూడు తప్పులు దొరికితే అవి ఆమెవి కావు, రాసిచ్చిన లెక్చరర్‌వి. అలాంటిది ఇప్పుడు పేజీకి ముప్పై. వేళ్ళు ఒక మీట పక్కకు జరిగి, వరసంతా వేరే భాషలా పడేది. రెండుసార్లు డిలీట్ అనుకొని మిషన్‌నే ఆపేశారు. నేను ఎర్ర పెన్ను పక్కనపెట్టి, ఎవరూ చూడకుండా ఆమె పేజీలు నేనే సరిచేసి పంపేదాన్ని. గాంధీనగర్‌లో వాళ్ళింటి కిరాయి ఆమె జీతంలోంచే పోతుందని నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం హర్ష అందరినీ పిలిచాడు.

"వచ్చే శుక్రవారం పది గంటలకు స్పీడ్ టెస్ట్. రెండు పేజీలు. ఇరవై తప్పులు దాటినోళ్ళకు సోమవారం నుంచి పని ఉండది. నాన్నకు కూడ చెప్పిన."

జయశ్రీ గారు వెళ్ళడానికి లేచారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకోబోయి, సంచికి పక్కగా వదిలేశారు. డబ్బా కిందపడి మూత దొర్లుకుంటూ పోయింది. పీరయ్యన్న వంగి తీసి ఆమె చేతికిచ్చాడు.

సోమవారం పొద్దున వచ్చేసరికి ఆరు మిషన్లకూ స్టికర్ బొట్లు! మూతల మీద కాదు, మీటల మీద. ఎఫ్, జె, డిలీట్, తెలుగు మార్చే మీట, పైకి పోయే బాణం. మిషన్‌కు అయిదు చొప్పున ముప్పై బొట్లు, నడుమ రాయి ఉన్నవి, సుల్తాన్ బజార్ సరుకు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. యాభై అయిదేళ్ళ మనిషి ఆడవాళ్ళ మధ్య నిలబడి బొట్టు బిళ్ళలు బేరమాడటం ఊహించుకొని నాకైతే పొలమారింది.

"కుంకుమ ఏమైందన్నా?"

"సందులల్ల పోతది. మిషన్ ఖరాబైతది."

"మరి బొట్టు నుదుటి మీద కదా పెట్టాలె? మీటల మీద ఏంది?"

"కొత్త డిజైన్‌కు నుదురు ఏడుంటదో నాకెరుక. నువ్వు నీ పని చూసుకో."

ఆ రోజు జయశ్రీ గారి పేజీలో ఇరవై రెండు తప్పులు. మంగళవారం పద్నాలుగు. బుధవారం ఎనిమిది. చేయి తిరిగిందిలే అనుకొని, ఆ రాత్రి పది రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

గురువారం సాయంత్రం ఎవరో రచయిత ఆఫీసు చూడటానికొచ్చి, బొట్లు చూసి నవ్వి వెళ్ళాడు. హర్షకు తల తీసేసినట్టయింది. అందరూ వెళ్ళాక స్పిరిట్, బ్లేడు పట్టుకొని ముప్పై బొట్లూ తనే గీకేశాడు.

శుక్రవారం తొమ్మిదింటికి నేను పోయేసరికి పీరయ్యన్న మిషన్ల ముందు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కసురుకునే ఆ మనిషి ఖాళీ మీటలను వేలితో తడుముతున్నాడు. నుదుటి మీద చెమట.

"స్వరూపా, సుల్తాన్ బజార్ దుకాణాలు ఎన్నింటికి తెరుస్తరు?"

"పదకొండు దాటుతది. ఏమైందన్నా?"

"టెస్ట్ పదింటికి. బొట్లు లెవ్వు."

"పోనీ అన్నా, ఇయ్యాల ఒక్కనాటికి..."

"పోనీ అనకు! ఒక్కనాటికి కూడ పోనీ అనకు తల్లీ." ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపాడు. "హాస్టల్ల మీ దోస్తుల దగ్గర ఉండవా? జర ఉరుకు."

ఎందుకని అడగలేదు. బొట్టు లేకపోతే మిషన్ పేలుతుందన్నంత భయం ఆయన కళ్ళలో ఉంది, నాకు భయం అంటుకోవడానికి ఆ మాత్రం చాలు. అశోక్ నగర్ దాకా పరుగులాంటి నడక. మా గదిలో భాగ్యశ్రీ రాజ్యాంగం బట్టీ కొడుతోంది. "బొట్లియ్యి" అన్నాను. "పెండ్లి చూపులా?" అంది. "ఆరు మిషన్లకు" అన్నాను. పాపం, చదివీ చదివీ నాకు మతిపోయిందనుకొని, మారుమాట్లాడకుండా డబ్బా మొత్తం ఇచ్చేసింది. పక్క గదులు కూడా అడిగాను. ఎర్రవి, నల్లవి, పాములా వంకర తిరిగినవి, అన్నీ కలిపి ఇరవై తొమ్మిది.

పదికి అయిదు నిమిషాలుండగా పీరయ్యన్న చివరి మిషన్ దగ్గరికొచ్చాడు. అది జయశ్రీ గారిది. డిలీట్ ఒక్కటి మిగిలింది, బొట్లు అయిపోయాయి. ఆయన నా వంక చూశాడు. నేను నా నుదుటి మీది మెరూన్ బొట్టు తీసి డిలీట్ మీద అంటించాను. గోరుతో గట్టిగా అదిమాను కూడా.

అప్పుడే హర్ష వచ్చాడు. వెనకే శ్రీపతి గారు.

"మళ్ళ పెట్టిన్రా! నిన్ననే గదా నేను గీకేసింది!"

శ్రీపతి గారు ఆగిపోయారు. "ఏం గీకినవ్?"

"బొట్లు, నాన్నా. లుక్ ఖరాబైతున్నదని."

"పరీక్ష ముంగట మిషన్లకు బొట్టు తీసినవా? నీకు ఎంబీయేల గిదే చెప్పిన్రా?" ఆయన చెప్పులు విడిచి, ఒక్కొక్క మిషన్‌కూ దండం పెట్టుకుంటూ వచ్చారు. "పీరయ్యా, మంచి పని చేసినవ్. కొబ్బరికాయ ఉన్నదా?"

కొబ్బరికాయ లేదు. టెస్ట్ మొదలైంది. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గోళ్ళన్నీ కొరికేశాను. పీరయ్యన్న గోడకు ఆనుకొని జయశ్రీ గారి చేతులనే చూస్తున్నాడు. ముందు ఆమె వేళ్ళు మీటల మీద మెల్లగా తిరిగాయి, బియ్యంలో రాయి వెతుకుతున్నట్టు. ఎఫ్ మీద ఆగాయి. జె మీద ఆగాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ నాటి ఆ చప్పుడు మొదలైంది, ఎక్కడా ఆగలేదు. పేజీలు దిద్దింది నేనే. రెండుసార్లు వెతికినా ఎర్ర గీతలు పడింది నాలుగే. ఆరుగురిలో అందరికంటే తక్కువ. మిగతా వాళ్ళు కూడా గట్టెక్కారు. బొట్ల మహిమ అని శ్రీపతి గారు అందరికీ మిర్చీలు తెప్పించారు.

ఆ సంబరంలో ఎవరో ఒక స్టూలు దారిలో వదిలేశారు. జయశ్రీ గారు నవ్వుతూ నా వైపే వస్తున్నారు, నన్ను చూస్తూనే ఉన్నారు. మోకాలు వెళ్ళి స్టూలుకు ఠప్పున తగిలింది. "స్టూలు ఇక్కడెవరు పెట్టిన్రమ్మా?" అని నవ్వేశారు. స్టూలు ఎర్రది. గది పట్టపగలులా వెలుగుతోంది.

నాకు ఒక్కసారిగా ఎదురుగా పెట్టే టీ గ్లాసులు గుర్తొచ్చాయి. ఆమె ఇంటికి వెళ్ళాక, పోయి ఆమె కుర్చీలో కూర్చొని కళ్ళు మూసుకున్నాను. వేళ్ళు మీటల మీద పెట్టాను. అన్నీ చదును, అన్నీ ఒకటే. అయిదు చోట్ల మాత్రం బొట్టు తగిలింది.

నారాయణగూడ చౌరస్తా దగ్గర హోటల్లో టీ తాగుతున్న పీరయ్యన్నను పట్టుకున్నాను.

"ఎన్ని రోజులసంది తెలుసన్నా?"

ఆయన గ్లాసు దించాడు. "పాత మిషన్ నాలుగుసార్లు విప్పిన. నాలుగుసార్లు టీ కుడిపక్కకెళ్ళే పడ్డది. మనిషి పక్కకు చూస్తలేదని అప్పుడే సమజైంది. తర్వాత ఆమె సంచిల కండ్ల చుక్కల మందు చూసిన. నీటికాసుల జబ్బుకు వేసేది. దవాఖానకు పోతున్నది, మందు వేస్తున్నది. ఎదురుగున్నది మంచిగ కనిపిస్తది. పక్కకు, కిందికే తక్కువ. టైపుకు ఎదురుగ కనిపిస్తే చాలు. కానీ గా ముచ్చట చెప్తే హర్ష బాబు వింటడా?"

"ఆమె నీకు చెప్పిందా?"

"చెప్పలే. నేను అడగలే."

"మరి ఆమె ఒక్క మిషన్‌కు పెడితే అయిపోతుండె గదా అన్నా. ఆరిటికి ముప్పై బొట్లెందుకు? నన్ను హాస్టల్ దాక ఉరికిచ్చినవ్."

"ఒక్కదానికే పెడ్తే, గా మిషన్‌కే ఎందుకని అందరడుగుతరు." పీరయ్యన్న టీలో బిస్కెట్ ముంచాడు. "ఆరిటికి పెడ్తే పీరయ్యకు పిచ్చి అంటరు. అది నాకెట్లాగు ఉన్నదే గదా."

నేను నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను, ఆయన బిల్లు నేనే కట్టాను. ఎవరికీ చెప్పలేదు. నా మెరూన్ బొట్టు రెండేళ్ళు ఆ డిలీట్ మీద అలాగే ఉంది.

2014లో హర్ష మళ్ళీ కొత్త ల్యాప్‌టాప్‌లు తెప్పించాడు. ఈసారి ఇంకా పలుచన, మీటలు ఇంకా చదును, వేలు పెడితే కిందికి దిగాయో లేదో కూడా తెలియదు. డబ్బాలు విప్పుతుంటే జయశ్రీ గారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఎదురుగా గోడ వైపే చూస్తూ మెల్లగా అన్నారు.

"స్వరూపా, ఈసారి బొట్లు జర పెద్దయి తెమ్మను తల్లీ. పాతయి చిన్నగున్నయి."

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి పీరయ్యన్న కాగితం పొట్లం చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. నుదుటి నిండా పెట్టుకునే రకం, మీట నిండేంత బొట్లు, లెక్కగా ముప్పై. హర్ష వాటిని చూసి తల పట్టుకున్నాడు.

"అంకుల్, ఇంత పెద్దయా?"

"ఏం చేస్తం బాబు," అన్నాడు పీరయ్యన్న మొదటి మిషన్ మూత ఎత్తుతూ, "ట్రెండ్ మారింది."