పదకొండో నంబరు

మా మామగారికి వార్త వింటే సరిపోయేది కాదు. దానికో తోక తగిలించాలి. పొద్దున్నే రేడియోలో ప్రాంతీయ వార్తలు అయిపోగానే గొంతు సవరించుకుని, వంటింటి వైపు తిరిగి ఒక ప్రశ్న వేసేవారు. ఫలానా విదేశీ కూల్‌డ్రింకు కంపెనీ దేశం వదిలిపోతోందని చెప్పిన రోజున, "అయితే అమ్మాయ్, బందరులో డచ్చివాళ్లు కోట కట్టుకుని కూడా ఎందుకు పోయారో చెప్పు?" అన్నారు. పొయ్యి మీద పప్పు అడుగంటుతుంటే డచ్చివాళ్లు పోతే నాకేం, ఉంటే నాకేం? కానీ నేను ఏదో ఒక జవాబు చెప్పేదాకా ఆయన కాఫీ ముట్టేవారు కారు. అది చల్లారితే మళ్లీ వెచ్చబెట్టాల్సింది నేనే. అందుకని నోటికొచ్చింది చెప్పేసేదాన్ని. ఆయన పరమానందంగా "తప్పు" అని అసలు సంగతి మొదలుపెట్టేవారు. అది అయ్యాక బైబిలు తీసి ఒక వాక్యం చదివేవారు. అప్పుడు కాఫీ.

అప్పట్లో మా కాపురం బెజవాడ గుణదలలో, రైలు పట్టాల పక్క సందులో. మా ఆయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవారు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మామగారు బందరు రేవులో ఉద్యోగం చేసి రిటైరై మా దగ్గరే ఉండేవారు. మా ఆయనకి ఒక్కతే అక్క. దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రం వైపు ఒక పల్లెలో ఉండేది. భర్త చనిపోయినా ఆ ఊరు వదల్లేదు. ఉన్న కాస్త పొలం తనే చేయించుకునేది. మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. వచ్చినప్పుడల్లా నా వంటకి వంక పెట్టేది, వెళ్లేటప్పుడు ఒక బస్తా బియ్యం వదిలి వెళ్లేది. వరికుప్ప పేర్చడంలో మగవాళ్లు కూడా ఆవిడ తర్వాతేనని ఊళ్లో పేరు. మా వదిన పేర్చిన కుప్పలోకి వానచుక్క దిగదని అందరూ చెప్పుకునేవారు.

మామగారి ప్రశ్నల్లో సగం ఉప్పెన మీదే ఉండేవి. వందేళ్ల పైచిలుకు కిందట బందరు మీదికి సముద్రం వచ్చి ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయిందట. ఆయన తాతగారిని వయసెంత అని అడిగితే ఏళ్ల లెక్క చెప్పేవారు కాదట. "ఉప్పెన నాటికి మా అమ్మ ఒళ్లో ఉన్నాను" అనేవారట. ఆ ఇంట్లో పుట్టిన మనిషికి రేవులో తుఫాను హెచ్చరికలు ఎగరేసే పని దొరకడం చిత్రమే. పగలైతే స్తంభానికి నల్లటి గుర్తులు కట్టేవారు, రాత్రయితే దీపాలు. ఒక్కో రకానికి ఒక్కో నంబరు. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

"పదంటే మహా ప్రమాదం. మరి పదకొండంటే ఏందో చెప్పు" అన్నారు ఒకరోజు.

"ప్రళయం అయ్యుంటుంది" అన్నాను, చేట పక్కన పెట్టకుండానే.

"తప్పు. పదకొండంటే గాలీ కాదు, వానా కాదు. తుఫాను కబురు చెప్పే ఆఫీసుతో మనకి సంబంధం తెగిపోయిందని. ఇహ అక్కణ్ణించి ఏ కబురూ రాదు, ఏం జరుగుద్దో మాకూ తెలీదు, ఎవరి జాగ్రత్త వాళ్లదీ అని. నా సర్వీసులో అన్నీ ఎక్కించాను గానీ అమ్మాయ్, ఆ ఒక్కటీ ఎక్కించే అవసరం రాలేదు."

ఏమీ తెలియకపోవడం పది కంటే పై నంబరు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఓడలవాళ్ల లెక్కలు ఓడలవాళ్లవి అనుకుని బియ్యం ఏరుకున్నాను.

డెబ్బై ఏడు నవంబరు. ఎన్నికలు, కొత్త ప్రభుత్వం అన్న హడావుడి సద్దుమణిగి, రేడియోలో మళ్లీ వానలూ పంటలూ వినబడుతున్న రోజులు. వారం కిందటే తమిళనాడును ఒక తుఫాను కొట్టింది. వెనకాలే బంగాళాఖాతంలో ఇంకొకటి లేచిందనీ, కోస్తాకి వస్తోందనీ, రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేశారనీ చెప్పారు. ఆ పొద్దున ప్రశ్న కోసం నేను వంటింట్లో సిద్ధంగానే ఉన్నాను. మామగారు ప్రశ్న వేయలేదు. మా ఆయన్ని పిలిచారు.

"అక్క చేను కోసి పనలు నేల మీదే ఉన్నయ్యిరా. వాన పడితే మొలకెత్తిపోద్ది. ఇవాళే బయల్దేరి కుప్ప వేయించి రా. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాల."

"వర్క్‌షాపులో అర్జెంటు పనుంది నాన్నా. ఆదివారం పోతే?"

"ఆదివారానికి వడ్లుండవు."

నాకు మనసు ఒప్పలేదు. తడిచేయి కొంగుకి తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చాను. "మామయ్యగారూ, ప్రమాదం నంబరు ఎక్కించారని ఇప్పుడే గదండీ రేడియోలో చెప్పారు. సముద్రం పక్కకి పంపిస్తారేంటండీ?" అన్నాను.

ఆయన నావైపు తిరిగి నవ్వారు. "అది ఓడలకమ్మాయ్. వరికి కాదు."

ఆయన ఒక్కరే కాదు, ఈ డెల్టాలో పుట్టిన ఎవరైనా అదే మాట అనేవారు. మాకు తుఫానంటే వాన. వానంటే కోసిన వరి. సముద్రం ఎవరికి గుర్తుంటుంది? కృష్ణ కాలవల్లో నీళ్లు వస్తున్నాయా లేదా అని చూసుకునే జనం సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. ఆ శుక్రవారం బందరు రోడ్డు బస్సుల్లో కాలు మోపే చోటు లేదని తర్వాత విన్నాను. బెజవాడలో ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటున్న రైతుబిడ్డలంతా వార్త విని, సముద్రానికి దూరంగా కాదు, సముద్రం వైపే పరుగెత్తారు. మా ఆయన కూడా తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరారు. "శనివారం సాయంత్రానికి వచ్చేస్తా" అన్నారు.

శనివారం పొద్దుటి నుంచీ గాలి. సాయంత్రానికి అది గాలిలా లేదు. మా సందులో రేకుల కప్పులు లేచిపోయాయి, కొబ్బరిచెట్టు ఒకటి పట్టాల మీద అడ్డంగా పడింది, కరెంటు పోయింది. మామగారు కుర్చీలోంచి కదల్లేదు. రేడియో పక్కన పెట్టుకుని, అది గరగరమంటున్నా కట్టేయనివ్వలేదు. నేను తలుపు గడియకి తాడు కట్టి పట్టుకుని కూర్చున్నాను. బెజవాడలోనే ఇలా ఉంటే అక్కడ ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

ఆదివారం తెల్లారేసరికి గాలి తగ్గింది. చర్చికి వెళ్లాం. కిటికీ అద్దాలు పగిలి నేలంతా తడి. మా ప్రాణాలు కాపాడినందుకు పాస్టరుగారు దేవుడికి స్తోత్రం చెప్పారు. జనం అంతా ఆమెన్ అన్నారు. మామగారు అనలేదు. నాకూ నోరు రాలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఎవరి కప్పు ఎంత పోయిందో చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల తప్పేముంది? మా ఇంట్లో మనిషి అటు వెళ్లాడని వాళ్లకి తెలియదు. అయినా మండింది.

అక్కణ్ణించి నేను ఇంటికి వెళ్లలేదు, బస్టాండుకి వెళ్లాను. వదిన ఊరి వైపు వెళ్లే అవనిగడ్డ బోర్డున్న బస్సు ఒకటీ లేదు. బందరు రోడ్డు మీదికి వెళ్లి తిరిగొచ్చిన ఒక డ్రైవరు బస్సు దిగుతుంటే అడ్డంపడి అడిగాను.

"పామర్రు దాకా కూడా పోలేకపోయామండీ. రోడ్డు నిండా చెట్లే. ఆపైన ఎట్టా ఉందో ఎవరికీ తెలవదమ్మా."

"ఫోన్లు?"

"స్తంభాలే లేవమ్మా, ఫోన్లెక్కడివి?"

ఇంటికొచ్చి ఆ మాట మామగారికి చెప్పాను. ఆయన తనలో తాను అనుకున్నట్టు, "పదకొండు" అన్నారు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పెద్దాయన అనీ, వాళ్లిద్దరికీ కన్నతండ్రి అనీ చూడలేదు. "ఓడలకేనన్నారుగా మామయ్యగారూ! మరి మా ఆయనకి ఏ నంబరండీ? వదినకి ఏ నంబరు?" అని అరిచేశాను. అన్నిటికీ అసలు సంగతి తెలిసిన మనిషి, దీనికి తెలియనట్టు తల వంచుకున్నారు.

సోమవారం, మంగళవారం నేను బెంజ్ సర్కిల్ దగ్గరే ఉన్నాను. అప్పుడది ఊరి చివర. ఆ పేరు లారీల కంపెనీ వల్ల వచ్చిందని కూడా మామగారే చెప్పారు. బందరు రోడ్డు నుంచి ఏ బండి వచ్చినా అక్కడ మలుపు తిరగాలి కనుక, నాలాంటివాళ్లు ఇంకా చాలామంది రోడ్డు పక్కన చేరారు. ఇటు నుంచి బియ్యం, బట్టలు వేసుకున్న లారీలు వెళ్తున్నాయి. అటు నుంచి వచ్చేవాళ్ల మొహాలు చూస్తే ఏమీ అడగబుద్ధి కాలేదు. అయినా అడిగాను. ఒకాయన "ఏ ఊరమ్మా?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను. ఆయన చేతిలోని మంచినీళ్ల చెంబు నాకే ఇచ్చి వెళ్లిపోయాడు. ఉప్పెన అన్న మాట అక్కడే మొదటిసారి దాన్ని చూసి బతికిన మనిషి నోటి నుంచి విన్నాను. అప్పటిదాకా అది మా ఇంట్లో కాఫీకి ముందు అడిగే ప్రశ్న.

రేడియో మెల్లమెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పోయినవాళ్ల లెక్క పూటపూటకీ పెరిగింది. వార్తలు అయిపోయేవి. మామగారు వంటింటి వైపు తిరిగేవారు కారు. కాఫీ ముందు పెడితే పెట్టిన చోటే ఉండేది. ఎంత వెచ్చబెట్టినా అంతే. ఆయన ప్రశ్న వేస్తే బాగుండునని నాకు అనిపించిన రోజులు జీవితంలో అవే. ఇప్పటికీ తుఫాను వార్తల్లో, కోసిన వరిని కుప్పలు వేసుకోవాలని రైతులకు సూచన అని చదువుతారు. మంచి సూచనే. నేను మాత్రం అది వినలేను, లేచి పెరట్లోకి వెళ్లిపోతాను.

బుధవారం మధ్యాహ్నం బోరింగు దగ్గర నీళ్లు కొడుతున్నాను. సందు మొదట్లో ఎవరో ఖాకీ చొక్కా మనిషి కనబడ్డాడు. ఆ చొక్కా మాది కాదు కనుక మళ్లీ బిందె వైపు తిరిగాను. నడక చూసి మళ్లీ తలెత్తాను. మా ఆయనే. మోచేతుల దాకా చర్మం లేచిపోయి ఉంది. కాళ్లకి చెప్పులు లేవు. వీధి అనీ, జనం చూస్తారనీ లేకుండా వెళ్లి పట్టుకుని ఏడ్చాను. ఆ క్షణంలో నాకు ఇంకెవరూ గుర్తుకు రాలేదు. మనిషి బతికాడు, అంతే. అంత సంతోషం నాకు అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు.

తర్వాత ఆయన వెనక చూశాను. సందు ఖాళీగా ఉంది.

"వదినేదండీ?"

ఆయన మెల్లగా చెప్పారు. శనివారం మధ్యాహ్నానికి కుప్ప అయిపోయిందట. గాలి ఎక్కువగా ఉందని, తెల్లారి వెళ్దువులే అని అక్క ఆపిందట. పొద్దుగూకేవేళ చప్పుడు విని బయటికొస్తే తాడిచెట్టంత ఎత్తున నీళ్లు. ఎక్కడానికి కుప్ప తప్ప ఏమీ లేదు. ఇద్దరూ ఎక్కారట. నీళ్లు కుప్పని నేల మీంచి లేపి, కొంతదూరం అలాగే తీసుకుపోయాయట. అప్పుడు విడిపోయిందట.

"నాకు తాడిచెట్టు దొరికింది. అక్కకి ఏమీ దొరకలా. రెండు రోజులు వెతికాను" అన్నారు.

మామగారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారని మొహం చూడగానే తెలిసింది. నా సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆయన కూతురు రాలేదు, నా భర్త వచ్చాడు, ఇద్దరూ ఎక్కింది ఒకే కుప్ప. ఇప్పుడు కొడుకుని ఏమి అడుగుతారో అని భయం వేసింది. ఎప్పుడు? ఎక్కడ? చెయ్యి ఎందుకు వదిలావు? ఏది అడిగినా మా ఆయన అక్కడే కూలిపోయేవారు.

మామగారు గొంతు సవరించుకున్నారు.

"కుప్ప పూర్తయిందిరా?"

మా ఆయన తల దించుకుని, "అయింది నాన్నా. అక్కే పైన నిలబడి పేర్చింది" అన్నారు.

మామగారు తల ఊపారు. గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

"అది పేరిస్తే చుక్క నీళ్లు దిగవురా" అన్నారు.