పేరు లేనిదే ముందుకు పోని ట్యాబ్

పొద్దున సారపాక దాటి అడవి అంచునున్న ఒక గూడేనికి సర్వేకు వెళ్లాను. ఈ ఏడాదిలో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని ఇంటింటా అడిగి ట్యాబ్‌లో ఎక్కించడం నా ఉద్యోగం. మనుషుల సగటు ఆయుష్షు లెక్క తేలేది వీటితోనే.

మూడో ఇంట్లో ఒక అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. కోడలు గోడవైపు తిరిగి కూర్చుంది. పుట్టిన నాలుగో రోజునే పాప పోయిందట. వాళ్లింట్లో ఇరవై ఒకటో రోజున పురుడు చేశాకే పేరు పెడతారు. ట్యాబేమో పేరు లేనిదే ముందుకు పోదు. 'పాప' అని కొడితే సరైన పేరు రాయమంది. వెనక్కి వెళ్తే ఆ పుట్టుకే చెరిగిపోతుంది, దాంతోపాటు చావు కూడా. ఇలాంటి పిల్లల్ని వదిలేసుకుంటూ పోతే కాగితం మీద మా అందరి ఆయుష్షూ పెరిగిపోతుంది! ఎటూ కదల్లేక అరగంటసేపు వాళ్లింటి అరుగు మీదే కూర్చున్నాను.

"ఏదో ఒక పేరు చెప్పు అవ్వా," అని బతిమాలాను.

"పోయినదానికి ఇప్పుడు పేరు పెడితే, దాని తల్లి రోజూ ఆ పేరే పిలుసుకుంట ఏడుస్తది బిడ్డా. గంత అవసరముంటే నీ పేరే రాసుకో," అంది అవ్వ.

రాశాను. ట్యాబ్ కిక్కురుమనకుండా తీసుకుంది. పోయినవాళ్ల జాబితాలో ఇప్పుడు నా పేరుంది, వయసు నాలుగు రోజులు.

తప్పు చేశానంటారా? అయితే మీరే ఒక పేరు చెప్పండి. ఆ తల్లికి మాత్రం వినపడకుండా.