బిడ్డ నెత్తిన ఒట్టు

కొత్తవాడలో రాజక్క అంటే తాగేవాళ్లకు హడల్. వైన్స్ ముందు నిలబడి, లోపలున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి మరీ బయటికి రప్పించేది. "దీనికేం పనీపాటా లేదా" అని మూతి తిప్పినవాళ్లే తర్వాత మొగుళ్లను రెక్క పట్టుకొని ఆమె దగ్గరికి తెచ్చారు. పోచమ్మ గుడి పక్కన రేకుల షెడ్డులో నలుగురితో మొదలైన తాగుడు మాన్పించే సంఘం ఏళ్లు గడిచేసరికి హనుమకొండ దాకా పాకింది.

ఆమె పద్ధతి ఒకటే. శుక్రవారం పోచమ్మకు దీపం పెట్టి, తాగేవాడి చేత వాడి బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం. ఆమె భర్త సారయ్య అట్లాగే మానేశాడు, పోయేదాకా మళ్లీ ముట్టలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టడం తాగుబోతులకు కొత్తేం కాదు గానీ, కన్నబిడ్డ మీద వేసిన ఒట్టుకు ఎంతటివాడైనా భయపడతాడని ఆమె నమ్మకం. "మళ్లీ తాగినవాళ్లను తిట్టకుండా దవాఖానకు పంపండమ్మా" అని ఒక డాక్టరమ్మ చెబితే, "మా పోచమ్మ కంటే ఎక్కువనా మీ దవాఖాన?" అని నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఉపేందర్ మరమగ్గం నడిపేవాడు. మెతక మనిషి. కూతురు భవాని మీద ఒట్టేసి ఏడాది నిలబడ్డాడు. బావమరిది పెళ్లిలో నలుగురూ బలవంతం చేస్తే తాగాడు, తాగి ఎవరికీ చెప్పలేదు. ఆ వారంలోనే పిల్లకు డెంగీ వచ్చింది.

రాజక్క పిల్లను చూడటానికి దవాఖానకు పోయేసరికి అతను వార్డు బయటే కూలబడి ఉన్నాడు.

"లోపలికి రా తమ్మీ, బిడ్డ నిన్నే అడుగుతాంది."

"నేను తాగిన అక్కా. నా ఒట్టే బిడ్డకు తగిలింది. నేను దగ్గరికి పోతే అది బతకది."

అది దోమకాటు జ్వరమని ఆమెకు తెలుసు. ఆ మాట చెబితే చాలు. కానీ చెబితే రేపటినుంచి ఒట్టుకు ఎవడు భయపడతాడు? కష్టపడి కట్టుకున్న సంఘం ఏమైపోతుంది? ఆ మాట లోపలే దాచేసుకుంది. దానికి బదులు అన్న మాట ఇంకా పాపిష్టిది.

"మరి ఒట్టేసి ఎందుకు తాగినవ్?"

భవాని బతికింది. ఉపేందర్ మాత్రం ఇంటికి రాలేదు. కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడని తెలిసి రాజక్క బస్సెక్కి పోయింది. ఒట్టుకూ జ్వరానికీ సంబంధం లేదని చేతులు పట్టుకొని చెప్పింది.

"నన్ను తీస్కపోవాలని గట్లంటున్నవ్ అక్కా," అన్నాడతను. "నేను మళ్ల తాగుత, నాకెరుకే. దూరముంటేనే బిడ్డ బాగుంటది."

ఇప్పుడు సంఘంలో ఒట్లు లేవు. తప్పతాగి వచ్చినా కూర్చోబెడతారు, డాక్టరమ్మ దగ్గరికి పంపిస్తారు. రాజక్కకు పట్టు తగ్గిందని జనం అంటే అననిస్తుంది.

మొన్న శుక్రవారం భవాని షెడ్డుకొచ్చి ఆమె ముందు తల వంచి నిలబడింది.

"అత్తమ్మా, నా మీదున్న ఒట్టు తీసెయ్యవా? తీసేసినవంటే నాయిన వస్తడు."

ఎంతమంది చేతనో ఒట్లు వేయించిన మనిషికి ఒక్క ఒట్టు తీయడం చేతకాలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కొని ఏడ్చింది.