పక్క సీటు మనిషి

ఇంగ్లండు ఫుట్‌బాల్ మీద వెర్నన్ హేగ్‌కు ఉన్నన్ని అభిప్రాయాలు ఆ ఆట ఆడేవాళ్లకు కూడా ఉండవు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లో బస్సు నడిపాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ నోరు మాత్రం ఇంకా టాప్ గేరులోనే ఉంది. గ్రౌండులో రైల్వే స్టాండు అనే పాత గ్యాలరీ కింద ముప్పై ఒక్క ఏళ్లు టీ, మాంసం కూరిన మీట్ పైలు అమ్మినదాన్ని కనుక ఆ అభిప్రాయాలన్నీ ముందుగా నాకే అందేవి. ఈ మ్యూరియల్ టీ కంటే వెర్నన్ మాటలే వేడిగా ఉంటాయని జనం అనేవాళ్లు. ఓర్వలేనివాళ్లు, అంటారు.

మా జట్టు గ్రిమ్‌లీ టౌన్. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, జట్టు రెండుసార్లు దివాలా అంచుదాకా వెళ్లొచ్చింది. అయినా శనివారం మూడు గంటలయ్యేసరికి ఊరు ఊరంతా కొండ దిగి గ్రౌండుకు వచ్చేది. గెలుస్తామని కాదు. మేం గెలవడం నా చిన్నప్పటినుంచీ అరుదే.

రైల్వే స్టాండులో వెర్నన్‌కు కుడిపక్క సీటు బిషప్పుది. చర్చి గడప తొక్కని మనిషికి ఆ పేరెలా వచ్చిందో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఇరవై తొమ్మిదేళ్లు ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. గోల్ పడిందంటే బిషప్పు వెర్నన్ మెడ పట్టుకుని ఊపేసేవాడు. అలా మూడు జతల కళ్లద్దాలు పోయాయి. భార్య చనిపోయిన వారం కూడా వెర్నన్ మ్యాచికి వచ్చాడు. బిషప్పు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. తన పుదీనా బిళ్లల పొట్లం మొత్తం వెర్నన్ ఒళ్లో పెట్టి, ఆట అయ్యేదాకా రిఫరీని మామూలుకంటే రెట్టింపు తిట్టాడు. మావాళ్ల తీరంతే. పక్క సీటు మనిషి మెడ పట్టుకోవచ్చు, మీద పడి ఏడవొచ్చు. నీ ఇల్లెక్కడ, పిల్లలెందరు అని అడిగితే మాత్రం అతిచొరవ.

అలాంటి జట్టు మూడేళ్ల కిందట మొదటి డివిజనుకు ఎగబాకింది. ఊరు మూడు రోజులు నిద్రపోలేదు. ఆ వెంటనే కొత్త యజమానులు రైల్వే స్టాండు కూల్చేసి గాజు మేడ కట్టారు. నా టీ కొట్టు కూడా దాంతోపాటే పోయింది. పాతవాళ్లకు సీట్లు కంప్యూటరు పంచింది. వెర్నన్‌కు పై అంతస్తులో మూల సీటు వచ్చింది.

ఆ ఏడాది నుంచి మ్యాచి మర్నాడు మా వంటింట్లోకి వచ్చి కూర్చోవడం వెర్నన్‌కు అలవాటైంది.

“శనివారం మూడు గంటల ఆట ఏమైపోయింది మ్యూరియల్? ఓసారి ఆదివారం పన్నెండంటారు, ఓసారి సోమవారం ఎనిమిదంటారు. టీవీ వాడు ఈలేస్తే మనం పరిగెత్తాలా?”

“పరిగెత్తకు. నీ మోకాళ్లకు అంత సీను లేదు.”

“నవ్వు, నవ్వు. గోల్ పడితే గొంతెత్తి అరవడానికి కూడా లేదు. ఎక్కడో గదిలో కూర్చున్న వీడియో రిఫరీ తెర మీద గీతలు గీసి, మనవాడి ముక్కు అంగుళం ముందుకొచ్చిందా లేదా చూసి చెప్పాలట. నాలుగు నిమిషాలు నోరు తెరుచుకుని నిలబడ్డాక, ఊఁ, ఇప్పుడు సంతోషపడండి అంటాడు. ఆకలి చచ్చాక కూడు పెట్టినట్టు!”

“పోనీ పక్కనెవరున్నారు?”

“వారానికొకడు. నిన్న వచ్చినోడు సగం మన రంగు, సగం అవతలోళ్ల రంగున్న మఫ్లరు చుట్టుకున్నాడు. నువ్వు పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురి తరఫా అనడిగాను. కాస్త ఫొటో తీస్తారా అన్నాడు.”

నేను కడుపుబ్బ నవ్వాను. అతను నవ్వలేదు.

“ఇంతకీ నిన్న గెలిచాంగా,” అన్నాను.

“గెలిచాం. చివరి నిమిషంలో గోల్. లేచి కుడిపక్కకు తిరిగాను, చేతులు చాపి.” టీ కప్పు పక్కకు జరిపాడు. “ఆ ఫొటో కుర్రాడు బెదిరిపోయాడు.”

ఏడాదిగా అతను తిడుతున్నది టీవీనీ కాదు, తెర మీది గీతల్నీ కాదని నాకు అప్పటికి గానీ తట్టలేదు. నాది మందబుద్ధే, ఒప్పుకుంటాను.

“బిషప్పు ఏమయ్యాడు?” అన్నాను.

“అదే నిన్నడుగుదామని. నీకు అతని పేరు తెలుసు కదా?”

“నాకెలా తెలుస్తుంది? మీట్ పై ఒకటి, టీలో మూడు చెంచాల చక్కెర. అంతే తెలుసు. పక్కన కూర్చున్నవాడివి నువ్వు, నన్నడుగుతావేం?”

ఇన్నేళ్లు అతనికి టీ పోసినదాన్ని, నేనూ అడగలేదు. నాకు సిగ్గేసింది.

వెర్నన్ క్లబ్బు ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడిందట. పేరు చెప్పండి, వెతికిపెడతాను అంది. పేరే తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను తల్లీ అన్నాడట ఇతను. పాత సీటు నంబరు చెప్పాడు. ఇంకొకరి వివరాలు ఇవ్వకూడదంది. దాంతో ప్రతి మ్యాచికీ విరామం పావుగంటలో ఒక్కో గేటు చొప్పున మెట్లెక్కి, వరసలన్నీ కళ్లతో గాలించడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు వేలమందిలో ఒక్క బట్టతల కోసం. నా మోకాళ్లు కాదు కదా అని నేను ఊరుకోలేదు, చెడామడా తిట్టాను. “ఇంకొక్క మ్యాచి పక్కపక్కన చూస్తే చాలు మ్యూరియల్,” అన్నాడు. “తర్వాత ఈ సీజను టికెట్టు ఎవడికైనా ఇచ్చేస్తా.”

సీజను ఆఖరి మ్యాచికి నన్నూ లాక్కెళ్లాడు. ఆ రోజు ఆట మొదలయ్యే ముందు, ఆ ఏడాది పోయిన అభిమానుల ఫొటోలు పెద్ద తెర మీద వేస్తారు. గ్రౌండంతా లేచి నిలబడి, చివరి మొహం వెళ్లేదాకా చప్పట్లు కొడుతుంది. మేమూ కొడుతున్నాం. ఓ ముసలమ్మ, ఓ మీసాలాయన, ఓ పాత డాక్టరు వెళ్లారు. తర్వాత సముద్రపు ఒడ్డున మడత కుర్చీలో, బట్టతల మీద చేతిరుమాలు కప్పుకుని బిషప్పు నవ్వుతున్నాడు. కింద పేరు పడింది. లెనర్డ్ క్రాబ్‌ట్రీ.

వెర్నన్ చేతులు ఆగిపోయాయి.

“లెనర్డంట, మ్యూరియల్,” అన్నాడు. “లెనర్డంట.”

ఆట చూడకుండానే వచ్చేశాం. వెర్నన్ జీవితంలో అదొక్కటే మ్యాచి అలా వదిలేసింది.

పేరు దొరికాక ఇల్లెంతసేపు? మంగళవారానికల్లా దొరికింది, ఇద్దరం వెళ్లాం. వెర్నన్ పదకొండేళ్లు బస్సాపిన స్టాపు ఎదురు వీధి. కూతురు తలుపు తీసింది, యాభై దాటినావిడ. వెర్నన్ టోపీ తీసి నలుపుతూ నిలబడ్డాడు.

“మీ నాన్న పక్క సీట్లో కూర్చునేవాణ్నమ్మా,” అన్నాడు.

ఆవిడ తలుపు రెక్క పట్టుకుంది. “బస్సాయన... మీరేనా?”

వెర్నన్ తలూపాడు.

“నాన్న క్లబ్బుకి ఎన్నిసార్లు ఫోన్ చేశాడో లెక్కలేదండీ. నా సీటు ఎక్కడన్నా వెయ్యండి, పక్కన మాత్రం మా బస్సాయన ఉండాలని. పేరేంటని అడిగేవాళ్లు. ఫోన్ పెట్టేసి తనని తనే తిట్టుకునేవాడు, ఇన్నేళ్లు పేరడగని దద్దమ్మనని. చివరి ఏడాది అసలు వెళ్లనేలేదు. గోల్ పడితే ఎవణ్ని పట్టుకోను అనేవాడు.” ఆవిడ కళ్లు తుడుచుకుంది. “మీ పేరేంటండీ?”

వెర్నన్ ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ భుజం మీదుగా లోపల గది వైపు చూశాడు.

“వెర్నన్,” అన్నాడు, లోపల ఉన్న మనిషికి వినపడాలన్నట్టు కాస్త గట్టిగా. “వెర్నన్ హేగ్.”