సమాధి మీద నా పేరు

సమాధుల పండుగకి ముందు మా మెథడిస్టు చర్చివాళ్లమంతా కలిసి సమాధుల తోట శుభ్రం చేస్తాం. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు, చేతిరాత బాగుంటుందని, వెలిసిపోయిన పేర్లు దిద్దే పని నాకిచ్చారు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. చుట్టూ పత్తి చేలు, ఆకు కదలడం లేదు. గోడ వారన మూరెడు సమాధి ఒకటి మిగిలింది. "ఎవరో పసిబిడ్డది, పేరు లేదులే" అంటూ మా అమ్మ ఏటా దానికి సున్నం వేసేది. ఊరికే గోరుతో గీకితే సున్నం కింద చెక్కిన అక్షరాలు తగిలాయి. ఒక్కొక్కటే నల్లరంగుతో దిద్ది, వెనక్కి జరిగి చదివాను. ఇంటిపేరుతో సహా నా పేరే.

అప్పుడే వెనక నుంచి "దీవెనా" అని పిలుపు. తిరిగి చూస్తే అమ్మ, నన్ను అన్నానికి పిలవడానికి వచ్చింది. రాయి వంక చూసి అక్కడే కూలబడింది.

"నీకంటే ముందు పుట్టిందమ్మా. నలభై రోజులే ఉంది. మీ నాన్న ఆ పేరు వదులుకోలేక నీకు పెట్టాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నిన్ను పిలిచినప్పుడల్లా అదెక్కడ పలుకుద్దోనని భయమేసేది."

పండుగ ఆరాధనలో పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే, ఆ ఇంటివాళ్లు లేచి నిలబడాలి. ఆ ఏడు మొదటిసారి అమ్మ ఆ పేరు రాసిచ్చింది. పాస్టరుగారు చదివారు. నా పేరు విని నేనే లేచి నిలబడ్డాను.

ఇప్పటికీ ఎవరైనా వెనక నుంచి పిలిస్తే వెంటనే పలకను. పెద్దది కదా, ముందు తనని పలకనిస్తాను.