ఉస్తాద్ గద, డాక్టరమ్మ ట్యూబు ముక్క

మొన్న బుధవారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, భుజం నొప్పని మా చిన్న కోడలిని హన్మకొండలో చూపించడానికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మాయి తలుపు గొళ్లానికి ఆకుపచ్చ రబ్బరు పట్టీ కట్టి, మోచేయి పక్కటెముకలకు ఆనించి మెల్లగా బయటికి లాగమని చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయి నొచ్చుకుంది. ఎందుకు నవ్వానో చెబుదామంటే బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్లకు, అందులోనూ భుజం మీద బతికినవాళ్లకు, విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎనభైల్లో నేను ఎనుమాముల మార్కెట్లో హమాలీని. ఇద్దరు కొక్కేలు తగిలించి బస్తా లేపితే మూడోవాడు వీపు మీదికి తీసుకుని పోవాలి, బస్తాల దొంతి పెరిగిన కొద్దీ చేతులు తలపైకి చాపి పై వరుసలోకి ఎక్కించాలి. అట్లా ఎక్కించగలిగినన్ని రోజులే హమాలీల ముఠాలో మనిషికి చోటు. పదేళ్లు ఎక్కించాను. ఒక వానాకాలం నా కుడి చేయి భుజం ఎత్తు దాకా లేచి, అక్కడ కత్తి దిగినట్టయి ఆగిపోవడం మొదలైంది. చొక్కా తొడగాలంటే నా భార్య రావాలి. ముఠా మేస్త్రి మంచివాడే గానీ ఆయన ముఠా మొత్తాన్ని చూసుకోవాలి కదా, నన్ను సంచుల మూతులు కుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"మిర్చి దిగేదాక చూస్త తమ్మీ. అప్పటికి పై వరుస ఎక్కియ్యకుంటె నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంట. మనసుల పెట్టుకోకు."

మనసులో కాక ఎక్కడ పెట్టుకుంటాను? వారం తిరగకుండానే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక మనిషి నా చోటు కోసం వచ్చి, మేస్త్రి పిలిస్తే చాలన్నట్టు రోజూ షెడ్డు దగ్గర నిలబడేవాడు.

ముందు మా వాడలో కుస్తీ తాలీం నడిపే ఉస్తాద్ దగ్గరికి పోయాను. పట్టేసిన నరాన్ని గట్టిగా తిప్పితే అదే వదులుతుందని చెప్పి, బరువైన కర్ర గద చేతికిచ్చి తల వెనక నుంచి వంద చుట్లు తిప్పించేవాడు, నొప్పి వస్తే గుణం వస్తున్నట్టే అనేవాడు. మాకూ అదే నమ్మకం, ఒళ్లు నొప్పి పుట్టని రోజు పని చేసినట్టే అనిపించేది కాదు. ఇరవై రోజులు తిప్పాను. ఇరవై ఒకటో రోజు అన్నం ముద్ద ఎడమ చేత్తో పెట్టుకున్నాను.

అప్పుడు నా భార్య దవాఖానకు లాక్కుపోయింది. అక్కడ కసరత్తు చేయించే డాక్టరమ్మ భుజమంతా నొక్కి చూసి, చేయి లేపినప్పుడు ఎముకల సందులో నరం నలుగుతోందని, గద తిప్పిన ప్రతిసారీ ఇంకా నలిగిందని, ముందు వీపు మీది రెక్క ఎముకను కుదురుగా నిలపడం నేర్చుకోవాలని అన్నది. గోడకు నిలబడి రెక్కలు దగ్గరికి లాగాలి, సైకిల్ ట్యూబు ముక్కను తలుపుకు కట్టి మోచేయి కదలకుండా లాగాలి, అరకిలో బరువుతో చేయి భుజం ఎత్తు దాటకుండా లేపాలి. అరకిలో. దూది బోరాలు మోసిన మనిషికి అరకిలో. సంచులు కుట్టే ఆడవాళ్ల ముందు ఆ పని చేయడానికి సిగ్గుపడి, తూకం వేసే దడువాయిని అడిగి ఐదు కిలోల రాయి తీసుకుని మూడు రోజులు లేపాను. నాలుగో రోజుకు నొప్పి మళ్లీ మొదటికొచ్చింది, ఇద్దరం మళ్లీ దవాఖానకే పోయాం.

"బండలెత్తనీకి దవాఖాన దాక పోవుడెందుకు, కాంట కాడనే ఉంటివి గద," అన్నది నా భార్య. డాక్టరమ్మ నవ్వలేదు.

"నీ బలమెంతనో చూపియ్యమన్ననా? నొప్పి రాకముందే ఆగుమన్న. గది నీతోని అయితదా, కాదా?"

ఆగడం నాకు అంతవరకు ఎవరూ చెప్పని పని. అప్పటికి నాకు అక్షరం రాదు, నలభై దాటాక నేర్చుకున్నాను, అందుకని ఆమె రాసిచ్చిన కాగితం మా చెల్లె చదువుతుంటే నేను గోడకు నిలబడేవాణ్ణి. నెల దాటాక చేయి చెవి పక్కకు వచ్చింది, ఆ తర్వాత డాక్టరమ్మే తేలికపాటి గద తిప్పవచ్చన్నది. ఉస్తాద్ చెప్పింది అబద్ధమని ఇప్పటికీ అనను. బాగున్న భుజానికి చెప్పాల్సింది తెచ్చి నలిగిన భుజానికి చెప్పాడు, అంతే.

మార్కెట్‌కు మిర్చి దిగిన మొదటి సోమవారం మేస్త్రి నా వంక చూశాడు. బస్తా వీపు మీదికి వచ్చింది, దొంతి దగ్గరికి పోయాను, చేతులు చాపాను, భుజం ఎత్తులో ఎప్పుడూ ఆగిపోయే చోట చేయి ఆగలేదు. బస్తా పై వరుసలో కూర్చుంది. మేస్త్రి రెండో బస్తా చూపించాడు. అంత మనసు నెమ్మది నా జన్మలో మళ్లీ ఎరగను.

ఇప్పుడు నొప్పి అని చెప్పుకోవడం ఎవరికీ నామోషీ కాదు, మా కోడలు మొదటి వారమే చెప్పింది, అది చాలా మంచి మార్పు. చేతులు లేవక ముప్పై అయిదేళ్లకే ఇంట్లో కూర్చున్న మా వాళ్లు గుర్తొచ్చి, ఇది అప్పుడే ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ ఒక మనిషి చేయి లేస్తుందా లేదా అని అంతమంది పని ఆపి చూడటం ఇప్పుడెక్కడా కనబడదు. ఆ సోమవారం పొద్దున షెడ్డులో ఉన్నది మేస్త్రి, దడువాయి, సూదులు పట్టుకుని లేచి నిలబడ్డ నలుగురు ఆడవాళ్లు, సద్ది తెచ్చిన నా భార్య, మా ముఠాలోనే ఉంటూ బస్తా ఒక కొస లేపిన మా బావమరిది, ఎవరూ పిలవకుండానే వచ్చి రెండో కొస లేపి, "నిమ్మలంగ అన్నా" అని, బస్తా ఎక్కగానే నాకంటే ముందు ఊపిరి వదిలిన ఆ ఘన్‌పూర్ మనిషి.