గొంతు తీసేసిన పాట

మా వదిన ఎలీశమ్మకు తన గొంతు మీద ఉన్న నమ్మకం మా అన్న మీద కూడా లేదు. ఈ మాట ఆమె ముందే అంటాను, నవ్వుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో జాకెట్లు కుడుతుంది. మిషన్ చప్పుడును దాటుకుని ఆమె పాట సందు చివరిదాకా వినపడుతుంది. ఆదివారం ఎల్‌బీనగర్‌లో మా చర్చిలో ఆమె పాడుతుంటే మైకు దండగ. పక్కన కీబోర్డు వాయించేది ఆమె మరిది ప్రేమ్ కుమార్, అంటే నేనే. బాగా వాయిస్తాను. ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

మా అన్న దేవానందం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్ ఊరవతలికి పోయాక దాని వెంటే రోజూ పోయివస్తూ జబ్బుపడ్డాడు. మలక్‌పేట దవాఖానలో చాన్నాళ్లు ఉన్నాడు. ఆ మంచం పక్కన కూర్చునే వదిన ఒక పాట కట్టింది. అన్న లేచి తిరిగాక చంపాపేట్‌లో నా గదిలో దాన్ని రికార్డు చేశాం. స్టూడియో అని బోర్డు పెట్టాను గానీ, గోడలకు పాత దుప్పట్లు కొట్టిన గదే అది. రెండో చరణంలో "మా మంచం పక్కన" అనగానే వదినకు గొంతు పూడుకుపోయింది. ఆగింది. ఊపిరి తీసుకుని "కూసున్న దేవా" అని అందుకుంది.

"మళ్ల పాడు వదినె, తాళం తప్పింది" అన్నాను.

"తప్పలే. గాడ ఆగాలనిపించింది, ఆగిన. అట్లనే ఉంచు."

ఉంచాను. ఆమెతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

ఒక ఆడియో కంపెనీ మనిషి ఈ పాట విని, హక్కులన్నీ రాసిస్తే ఒకేసారి డబ్బిస్తామన్నాడు. అన్నకు ఆశ పుట్టింది. వదిన మాత్రం సూది దారం కిందపెట్టకుండానే, "పాట నాది. పేరు నాదే ఉండాలె, ధర నేనే పెట్టాలె" అంది. నాకు భలే నచ్చింది. ఆన్‌లైన్‌లో ఆమె పేరు మీదే ఒక పేజీ తెరిచాం. వినడం ఉచితం, ఫోన్లోకి దించుకోవాలంటే డబ్బు కట్టాలి. ఫొటో కోసం వదిన పెళ్లిపట్టు చీర కట్టింది.

విన్నవాళ్లు బోలెడుమంది. కొన్నవాళ్లు లేరు. "వందనాలు అక్కా, పాట చాలా బాగుంది. ట్రాక్ ఉందా?" ఏ మెసేజ్ తెరిచినా ఇదే అడుగుడు. ట్రాక్ అంటే పాడినవాళ్ల గొంతు తీసేసి, ఉత్త వాయిద్యాలు ఉంచిన పాట. వాయించేవాళ్లు లేని చర్చిలో దాన్ని ఫోన్లోంచి స్పీకర్‌కు కలిపి, ఎవరికి వాళ్లు పాడుకుంటారు. అడిగేది నా వాయిద్యాన్నని నాకు లోపల సంబరమే. వదినకు ఒళ్లు మండింది.

"నా గొంతు తీసేస్తే కొంటరా? పాడింది నేనా, నీ డబ్బానా?"

అప్పట్నుంచి సందులో మిషన్ చప్పుడొక్కటే వినపడేది. నా సంబరం అంతా దిగిపోయింది. ఆమె పాడకపోతే మా ఇల్లు ఇల్లులాగే ఉండదు.

అప్పుడు మలక్‌పేట నుంచి జోస్నా అనే అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, మా నాయన దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. ఆదివారం చర్చిల దేవుని మేలుకు సాక్ష్యం చెప్పి నీ పాటే పాడాలని ఉంది. ట్రాక్ ఇయ్యవా?"

వదిన మిషన్ ఆపి ఆ మెసేజ్ మళ్లీ చదివింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ట్రాక్ పెట్టు ప్రేమ్. కానీ నేను పాడింది కూడ దానితోటే కలిపి ఇయ్యి. ఇనకుండ ఎట్ల నేర్చుకుంటరు?"

అలాగే పెట్టాను. జోస్నా కొంది. ఆమె వెనకే అడిగినవాళ్లంతా కొన్నారు. ఆదివారం జోస్నా పిలిస్తే వాళ్ల చర్చికి పోయాం. వెనక వరసలో కూర్చున్న వదిన మొహం ఇంకా గంటుగానే ఉంది.

ట్రాక్ మొదలైంది. నా కీబోర్డు, అందులోంచే వాయించిన తబలా ఉన్నాయి, వదిన గొంతు మాత్రం లేదు. జోస్నా పాడింది, వెనక నలుగురు ఆడపిల్లలు కలిశారు. రెండో చరణం వచ్చింది. "మా మంచం పక్కన" అని అందరూ ఒక్కసారే ఆగారు. వాయిద్యం దాని దోవన అది పోతూనే ఉంది. అందరూ ఊపిరి తీసుకున్నారు. "కూసున్న దేవా" అని అందుకున్నారు.

వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాళం తప్పిందా ప్రేమ్?"

"తప్పలే వదినె" అన్నాను.